సినిమా నిలవలేదు, పాట నిలిచింది

మీ ప్రశ్న నా మనసుకు చాలా దగ్గరిది. ఒక సినిమాను అరగంటకు మించి చూడలేకపోయానని, అందులో ఒక పాట మాత్రం వారం రోజులుగా నోట్లో నానుతూనే ఉందని రాశారు. ఇలాంటి పాటలను ఎలా పట్టుకోవాలి, పాట కోసం ఆ సినిమా మొత్తం భరించాలా అని అడిగారు. నేను 1986 నుంచి 2003 వరకు తణుకులో పాటలు రికార్డు చేసి ఇచ్చే దుకాణం నడిపాను. ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఆ దుకాణం నేర్పిందే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పట్లో సినిమా విడుదలకు కొన్ని వారాల ముందే పాటల క్యాసెట్లు వచ్చేవి. పాటలు బాగుంటే ఆ కొన్ని వారాలూ సరుకు చాలేది కాదు. తీరా సినిమా వచ్చి, వారం తిరక్కుండానే హాలు నుంచి రీళ్ళ పెట్టె వెనక్కి వెళ్ళిపోయిందంటే, మర్నాటి నుంచి ఆ క్యాసెట్టు వంక చూసేవాళ్ళు ఉండేవారు కారు. మిగిలినవి సగం ధరకు ఇచ్చేస్తానని ఏజెంటు అనేవాడు. నేను కాదనకుండా తీసుకునేవాణ్ణి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు బేరాలు ఉండవు. ఆ రెండు గంటలూ అవి వింటూ కూర్చునేవాణ్ణి. అలా ఆడని సినిమాల పాటలే నా అలమరలో ఎక్కువగా చేరాయి.

కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. ఖాళీ క్యాసెట్టుతో పాటు జనం కాగితం మీద పాటల జాబితా రాసి తెచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు ఆరు పాటలు పట్టేవి. పాట మొదటి మాటలు ఉండేవి, పక్కన సినిమా పేరు ఉండేది. కొన్ని పాటల పక్కన మాత్రం ఖాళీ. సినిమా పేరు గుర్తులేదనేవారు, పాట వినిపిస్తే మాత్రం మొదటి వాద్యం దగ్గరే ‘ఇదే, ఇదే’ అనేవారు. ఆ ఖాళీలను నింపడమే నా అసలు పని అయిపోయింది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఆడని సినిమా వేరు, చెడ్డ సినిమా వేరు. 1997లో వచ్చిన ‘సింధూరం’ డబ్బు చేసుకోలేదు, కానీ అది మంచి సినిమా. 1987లో వంశీ తీసిన ‘మహర్షి’ కూడా ఆడలేదు, ఈనాటికీ దాన్ని ప్రేమించేవాళ్ళు ఉన్నారు. అలాంటి వాటిలో మంచి పాట ఉండటంలో వింత లేదు. మీరు అడిగింది కూర్చుని చూడలేని సినిమాలో ఉన్న గొప్ప పాట గురించి. అది ఎలా పుడుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

పాట సినిమా కంటే ముందు పుడుతుంది. మద్రాసు రోజుల్లో చాలా సినిమాలు పాట రికార్డింగుతోనే ప్రారంభమయ్యేవి. అంటే అప్పటికి ఒక్క దృశ్యం కూడా తీయలేదు. దర్శకుడు సంగీత దర్శకుడి ముందు, కవి ముందు కూర్చుని సందర్భం చెబుతాడు. చెప్పేటప్పుడు అతని మనసులో ఉన్న సినిమా ఎప్పుడూ గొప్పదే. బడ్జెట్టు ఇంకా కుదించలేదు, హీరో డేట్లు ఇంకా తప్పలేదు, రెండో సగంలో అవసరం లేని ఫైటు ఇంకా ఇరికించలేదు. బాణీ కట్టేవాడు, పాట రాసేవాడు పని చేసేది ఆ చెప్పిన సినిమాకు. మనం హాల్లో చూసేది తీసిన సినిమాను. ఈ రెండింటి మధ్య దూరం పెరిగిన కొద్దీ పాట ఒంటరిదవుతుంది, కానీ దాని విలువ తగ్గదు. అందుకే ఇలాంటి పాటలు పొరపాటున పుట్టాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందరూ ఆ సినిమాను నమ్మిన రోజున పుట్టిన పాటలు అవి.

1994లో వచ్చిన ‘గోవిందా గోవిందా’ చూడండి. రామ్ గోపాల్ వర్మ, నాగార్జున, శ్రీదేవి. ఇంత బలగం ఉన్నా సినిమా నిలబడలేదు. శ్రీవారి కిరీటం చుట్టూ అల్లిన ఆ కథ నాకైతే ఎక్కడా అతకలేదు. కానీ రాజ్–కోటి బాణీకి సిరివెన్నెల రాసిన ‘అందమా అందుమా’ పాట కావాలని నా దుకాణం మూసే వరకు అడుగుతూనే ఉన్నారు. ఆ పల్లవిలో చేసిన పని గమనించారా? అందమా, అందుమా, అందనంటే అందమా. ఒక్క కొమ్ము తేడాతో పిలుపు కాస్తా వేడుకోలు అవుతుంది, మూడో మాటకు అదే అలక తీర్చడం అవుతుంది. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర ఆ తేడాను గొంతు పెంచకుండా పలుకులోనే చూపించారు. దీనికి కథ తెలియాల్సిన అవసరమే లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన పాట మాత్రం పాతది. 1991 దసరాల్లో ఒక మామ్మగారు దుకాణానికి వచ్చారు. ‘శ్రీలలిత శివజ్యోతి సర్వకామదా’ పాట కావాలి బాబూ, భక్తి పాటల క్యాసెట్లలో ఎక్కడా దొరకడం లేదు, అన్నారు. నాకు ఆ పాట తెలుసు. మా ఇంట్లోనూ శుక్రవారం హారతి వేళ పాడతారు. అంత తెలిసిన పాట చిటికెలో తీసిస్తాననుకున్నాను. నా దగ్గరున్న భక్తి క్యాసెట్లన్నీ తిరగేశాను, లేదు. తెలిసిన భజన బృందాన్ని అడిగాను. ‘అది ఎప్పటి నుంచో ఉన్నదేనండీ’ అన్నారు. మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రేడియోలో జనరంజని వస్తుంటే ప్రకటన వినిపించింది: చిత్రం ‘రహస్యం’, రచన మల్లాది రామకృష్ణశాస్త్రి, సంగీతం ఘంటసాల. ఆ వెనకే అదే పాట. చేతిలో ఒక క్యాసెట్టు అట్ట ఉంటే దాని మీదే రాసుకున్నాను.

‘రహస్యం’ 1967 నాటి సినిమా. తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రంగా పేరు పొందిన ‘లవకుశ’ను 1963లో జనానికి అందించిన లలితా శివజ్యోతి సంస్థే దీన్నీ తీసింది. ‘లవకుశ’ ఊళ్ళకు ఊళ్ళను బళ్ళు కట్టించుకుని రప్పించిన సినిమా. ఆ ధైర్యంతో, అదే ఘంటసాల సంగీతంతో, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో, అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడిగా భారీగా తీశారు. ఘోరంగా పోయింది. నేను తరవాత వీడియోలో చూశాను. కథ ఎటు పోతోందో అర్థం కాదు. ఒక చిక్కు విడిపోయే లోపల మరో రెండు చిక్కులు పడతాయి, పాత్రల మీద ప్రేమ కలిగే వ్యవధి ఎక్కడా ఉండదు.

ఇప్పుడు పాట మొదటి మాటలు మళ్ళీ చూడండి. లలిత, శివజ్యోతి. అది నిర్మాణ సంస్థ పేరు. ఆ పేరునే అమ్మవారి స్తుతిలోకి మలిచి, ఎక్కడా అతుకు కనబడకుండా కుట్టారు మల్లాది. ఈరోజు నవరాత్రుల్లో ఆ పాట పాడే ఇళ్ళలో ఎందరికి అది ఒక సినిమా సంస్థ పేరని తెలుసు? తెలియకపోవడమే ఆ పాట సాధించిన విజయమని నేను అనుకుంటాను. మామ్మగారికి క్యాసెట్టు ఇస్తూ, ఇది సినిమా పాట అని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ‘మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను బాబూ. అయినా ఏ పేరుతో వస్తే ఏమిటి, అమ్మవారి పాటే కదా’ అని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళారు.

ఆ పాట కోసం వెతుకుతూ ‘రహస్యం’ రికార్డులు సంపాదించడం వల్ల నాకు ఇంకో నిధి దొరికింది. అదే ‘గిరిజా కల్యాణం’. ‘అంబా పరాకు, దేవీ పరాకు’ అంటూ మొదలయ్యే పూర్తి యక్షగానం. సినిమా కథ నడుస్తూ నడుస్తూ ఉండగా ప్రదర్శనగా వస్తుంది. మన్మథుడు బయలుదేరడం, శివుడి కోపం, కామదహనం, రతి దుఃఖం, చివరికి కల్యాణం. రసం మారిన ప్రతి చోటా రాగం మారుతుంది, నడక మారుతుంది. మాట మాత్రం మొదటి నుంచి చివరి వరకు కూచిపూడి భాగవతుల పలుకుబడిలోనే ఉంటుంది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి నుంచి వచ్చినవారే, అందుకే చిత్రీకరణ కూడా అక్కడ మాత్రం నిటారుగా నిలబడుతుంది. మల్లాది 1965లోనే కన్నుమూశారు. ఆ సినిమా తెర మీదికి రావడమూ ఆయన చూడలేదు, పోవడమూ చూడలేదు. ఒక కవి జీవితపు చివరి రోజుల నాటి ఇంత పెద్ద పని, జనం తిప్పికొట్టిన సినిమాలో ఇరుక్కుపోయింది. ఎవరూ వెతక్కపోతే అది అక్కడే ఉండిపోయేది. మీరు ఈ సమాధానంలో ఒక్కటే వింటానంటే ‘గిరిజా కల్యాణం’ వినండి. తలుపు వేసుకుని, ఫోను పక్కన పెట్టి, ఒకే ఊపున వినండి.

ఇలాంటివి అన్ని కాలాల్లోనూ ఉన్నాయి. 1978 నాటి ‘ఇంద్రధనుస్సు’ సినిమా కథ చెప్పమంటే చెప్పగలిగినవాళ్ళు నాకు తారసపడలేదు. అందులో ఆత్రేయ రాసి, మహదేవన్ బాణీ కట్టి, బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘నేనొక ప్రేమ పిపాసిని’ తెలియని పాటల ప్రేమికుడు మాత్రం లేడు. 1992లో వచ్చిన ‘పట్టుదల’ పేరు కూడా చాలామందికి గుర్తులేదు. ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ అంటూ సిరివెన్నెల రాసిన పాట మాత్రం పోటీ పరీక్షలకు చదివే పిల్లల గదుల్లో ఈనాటికీ మోగుతోంది. ఇళయరాజా బాణీని ఏసుదాసు పాడారు.

2010లో వచ్చిన ‘ఆరెంజ్’ సంగతి మీకు తెలిసే ఉంటుంది. నిర్మాతను దెబ్బతీసిన సినిమా. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఒక్కటీ వదలకుండా నిలిచాయి. 2023 మార్చిలో మళ్ళీ విడుదల చేస్తే, మొదటి విడుదల నాటికి బడి పిల్లలుగా ఉన్నవాళ్ళు హాలుకు వెళ్ళి తెర ముందు నిలబడి పాటలన్నీ గొంతెత్తి పాడారు. ఆ వీడియోలు చూస్తుంటే నాకు చాలా సంతోషం వేసింది. పాట పదమూడేళ్ళు ఎదురుచూసి మరీ తన సినిమాకు జనాన్ని తెచ్చుకుంది.

ఇక ఎలా వెతకాలన్నది. హిట్ సినిమాల జాబితాలు పక్కన పెట్టండి. మనుషుల వెంట వెళ్ళండి. మీకు బాగా నచ్చిన ఒక పాట తీసుకుని, దాని సంగీత దర్శకుడు ఆ ఏడాది, ఆ ముందు ఏడాది, తరవాతి ఏడాది చేసిన సినిమాలన్నీ ఆడినా ఆడకపోయినా రాసుకోండి. బాణీలు కట్టేవాళ్ళకు ఒక్కో కాలంలో చేయి తిరిగి ఉంటుంది. ఆ కాలంలో హిట్ సినిమాకు ఒక చేయి, ఫ్లాపు సినిమాకు ఒక చేయి అంటూ ఉండదు. ఇళయరాజాకు తెలుగులో 1987 ఒక్కటే చూడండి: భారతీరాజా ‘ఆరాధన’, గీతాకృష్ణ ‘సంకీర్తన’, వంశీ ‘మహర్షి’. మూడూ ఆడలేదు. మూడింటి పాటలూ ఇప్పుడు వినండి. ‘అరె ఏమైందీ’, ‘మనసున మొలిచిన సరిగమలే’, ‘మాటరాని మౌనమిది’ ఒకే ఏడాది ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి. వీటిలో ‘ఆరాధన’ తమిళంలో బాగా ఆడిన ‘కడలోర కవితైగళ్’కు తెలుగు రూపం. అక్కడ గెలిచిన కథ ఇక్కడ గెలవలేదు. బాణీ మాత్రం రెండు చోట్లా గెలిచింది. ‘అరె ఏమైందీ’ పాటలో మనసుకు రెక్కలు రావడమనే భావాన్ని ఆత్రేయ తెలుగు నుడికారంలోకి ఎంత హాయిగా దించారో, తమిళ పాట తెలిసినవాళ్ళు పక్కపక్కన పెట్టి వింటే అర్థమవుతుంది.

కవుల వెంట వెళ్ళడం ఇంకా లాభసాటి. సందర్భం బలహీనంగా ఉన్నా మంచి కవి దాన్ని సాకుగా తీసుకుని తన మాట చెప్పుకుంటాడు. సిరివెన్నెల పాటల్లో ఇది మరీ ఎక్కువగా కనబడుతుంది.

వెతికేటప్పుడు సంవత్సరం తప్పక చూసుకోండి. తెలుగులో ‘ఆరాధన’ పేరుతో 1962లో ఒకటి, 1976లో ఒకటి, 1987లో ఒకటి వచ్చాయి. మహమ్మద్ రఫీ పాడిన ‘నా మది నిన్ను పిలిచింది గానమై’ 1976 నాటిది. పేరు ఒకటే కదా అని ఇంటర్నెట్‌లో ఒకదాని పాటలు ఇంకోదాని కింద పెట్టినవాళ్ళు ఉన్నారు. ‘మహర్షి’ అని వెతికితే 2019 సినిమా ముందుకొస్తుంది. ఆడని సినిమాల విషయంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే సరిదిద్దేవాళ్ళు తక్కువ. వీలైతే పాత క్యాసెట్టు అట్ట గాని రికార్డు కవరు గాని చూసి నిర్ధారించుకోండి. రేడియో ప్రకటన కూడా నమ్మదగినదే.

వినడం గురించి ఒక మాట. మొదటి మూడుసార్లు బొమ్మ చూడకుండా వినండి. ముఖ్యంగా రెండో చరణం వినండి. పల్లవి బాగుండటం చాలా పాటల్లో జరుగుతుంది. మొదటి చరణం వరకు ఊపు కూడా ఉంటుంది. రెండో చరణంలో కవి కొత్త మాట చెబుతున్నాడా, మొదటిదాన్నే తిప్పి చెబుతున్నాడా అన్న చోట పాట స్థాయి తేలిపోతుంది. పదిహేడేళ్ళు జాబితాలు రాసిన అనుభవంతో చెబుతున్నాను: జనం పదేళ్ళ తరవాత కూడా అడిగే పాటల్లో రెండో చరణం గట్టిగా ఉంటుంది.

మరి సినిమా చూడాలా? నా సమాధానం: ఒక్కసారి చూడండి, కనీసం పాటకు ముందూ వెనకా పావుగంట చూడండి. ఎందుకో ‘నాని’ ఉదాహరణతో చెబుతాను. 2004లో ఎస్.జె. సూర్య దర్శకత్వంలో మహేష్ బాబు చేసిన సినిమా. ఒక చిన్న పిల్లవాడు యంత్రం వల్ల యువకుడి దేహంలోకి వెళ్ళిపోతాడు. ఆలోచన బాగానే ఉంది, కానీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడలేని సన్నివేశాలు పెట్టారు. జనం తిరస్కరించారు, నా దృష్టిలో సరిగ్గానే తిరస్కరించారు. అందులోదే ‘పెదవే పలికిన మాటల్లోనే తీయని మాటే అమ్మ’. రెహమాన్ బాణీ, చంద్రబోస్ సాహిత్యం, ఉన్నికృష్ణన్, సాధనా సర్గమ్ గానం. బడి వార్షికోత్సవాల్లో ఈ పాట లేకుండా జరిగినవి నేను చూడలేదు.

ఆ పాటలో ‘ఎదిగీ ఎదగని ఓ పసికూనా’ అన్న మాట ఉంది. బడిలో పాడే పిల్లలకు, వినే తల్లులకు అది మామూలు జోలపాట మాట. సినిమా చూసినవాడికి మాత్రం అది కథ మొత్తం. ఒళ్ళు ఎదిగింది, వాడు ఎదగలేదు. అంత పెద్ద దేహంతో ఉన్నవాడిని పసికూనా అని పిలవగలిగేది లోకంలో తల్లి ఒక్కతే. దర్శకుడు రెండున్నర గంటల్లో చెప్పలేకపోయింది కవి రెండు మాటల్లో చెప్పేశాడు. సినిమా చూడకపోతే నాకు ఇది తెలిసేది కాదు. పదేళ్ళుగా వింటున్న పాట ఆ రాత్రి కొత్తగా వినిపించింది.

‘జగమంత కుటుంబం నాది, ఏకాకి జీవితం నాది’ కూడా ఇంతే. 2005లో కృష్ణవంశీ తీసిన ‘చక్రం’లోది. రాసినవారు సిరివెన్నెల, చక్రి సంగీతం, పాడినవారు మరో సంగీత దర్శకుడు శ్రీ. ప్రాణం మీదికొచ్చిన జబ్బును దాచిపెట్టి, సొంతవాళ్ళను వదిలి, తెలియని మనుషుల మధ్య నవ్వులు పంచుతూ బతికే కుర్రవాడి కథ అది. సినిమా సాగతీతగా ఉంటుంది, హాస్యం చాలా చోట్ల పండదు. అయినా ఆ రెండు వాక్యాలు ఒకదానికొకటి ఎదురు నిలబడి కూడా ఎందుకు నిజమో ఆ కుర్రవాణ్ణి చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. శ్రీ 2015లో వెళ్ళిపోయారు, సిరివెన్నెల 2021 నవంబరులో. ఆయన పోయిన వారమంతా టీవీల్లో, ఫోనుల్లో, వీధి మైకుల్లో ఎక్కువగా వినిపించిన పాటల్లో ఇదొకటి. సినిమా పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు అది కొంచెం బాధ కలిగించింది. ఆ పాటకు సందర్భం చెప్పిన మనిషి ఒకడున్నాడు, ఆ సందర్భం లేకపోతే ఆ పాట మన దాకా ఈ రూపంలో వచ్చేది కాదు. సినిమా బాగా లేకపోయినా ఆ మాత్రం కృతజ్ఞత చూపించాలని నా కోరిక.

అందుకే నేను రికార్డు చేసిచ్చే ప్రతి క్యాసెట్టు అట్ట మీద పాటతో పాటు సినిమా పేరు, సంవత్సరం, రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు తప్పక రాసేవాణ్ణి. ‘ఆ సినిమా పేరెందుకండీ, పాట చాలు’ అన్నవాళ్ళు ఉన్నారు. అయినా రాసేవాణ్ణి. నా కోసం రాసుకున్న అట్టలు మూడు చెక్కపెట్టెల నిండా ఇప్పటికీ ఉన్నాయి.

మీరు అరగంట చూసి ఆపేసిన సినిమా పేరు గాని, పాట మొదటి మాటలు గాని రాయలేదు. అవి రాయండి. పాడినవారి పేర్లు తెలిస్తే అవి కూడా చెప్పండి. అదే సంగీత దర్శకుడు, అదే కవి ఆ ఏడాది ఇంకేం చేశారో నా అట్టల్లో చూసి, మీరు వినాల్సిన పది పాటలు వరసగా రాసి పెడతాను.